ఒక్క ఫోటోలో మూడు క్షణాలు: చారల వెలుగుతో పడుతున్న బంతిని పట్టుకోవడం ఎలా

"సార్, షట్టర్ తెరిచింది ఒక్కసారే కదా, మూడు ఫోటోలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అనంతపురంలో మా ఫిజిక్స్ ల్యాబ్‌లో ఈ ప్రయోగం చూసిన ప్రతి బ్యాచూ ఇదే అడుగుతుంది. ఆ తర్వాత కర్నూలు నుంచి, ధర్మవరం నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఏం కొనాలి, ఎంత దూరంలో పెట్టాలి, అన్నీ చేసినా మాకెందుకు రాలేదు అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. చదివి ఊరుకోకండి, చేసి చూడండి.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో 'ఫ్రేమ్' అనే పద్ధతిని బయటపెట్టారు. లేజర్ మెరుపులకు చారలు తొడిగి, సెకనుకు 5 లక్షల కోట్ల ఫోటోల వేగంతో తీశారు. అంటే రెండు ఫోటోల మధ్య 200 ఫెమ్టోసెకన్లు (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతులో పదో వంతు). ఆ వ్యవధిలో కాంతి కూడా 0.06 మిల్లీమీటర్లు మాత్రమే నడుస్తుంది. ఆ లేజర్ మన దగ్గర లేదు. కానీ ఫోటోలు విడదీసే కిటుకు మాత్రం జెరాక్స్ షాపు షీటుతో, పెళ్లి ఫోటోల ఫ్లాషులతో మన గదిలోనే అచ్చంగా అలాగే పనిచేస్తుంది.

సిద్ధాంతం ఇంతే. మూడు ఫ్లాషులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఒక్కోదాని ముందు సన్నటి చారల షీటు ఉంటుంది, చారల వాలు ఒక్కోదానికి ఒక్కోలా. కెమెరా మూడింటినీ ఒకే ఫోటోలో కలిపేస్తుంది. ఏ వాలు చారలు ఎక్కడున్నాయో చూసి కంప్యూటర్ మళ్లీ విడదీస్తుంది. వేగమంతా వెలుగుదే, కెమెరా నింపాదిగా కళ్లు తెరుచుకుని ఉంటే చాలు.

కావలసినవి

• మాన్యువల్ సెట్టింగులున్న కెమెరా. రా ఫైలు (సెన్సర్ చూసింది చూసినట్టు ఉంచే ఫైలు) ఇవ్వాలి, జేపెగ్ పనికిరాదు. ప్రో మోడ్‌లో రా ఇచ్చే ఫోనైనా సరే, 10 సెకన్ల ఎక్స్‌పోజర్ ఉంటే చాలు.
• మూడు స్పీడ్‌లైట్ ఫ్లాషులు. కొనకండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, తెలిసిన స్టూడియోలో అడిగితే రెండు రోజులకు ఇస్తారు. మూడూ ఒకే మోడల్ అయితే మంచిది.
• లేజర్ ప్రింటర్ మీద 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) ప్రింటు తీసిన ఓహెచ్‌పీ షీటు, అంటే పారదర్శక ప్లాస్టిక్ షీటు.
• మూడు భూతద్దాలు, ఫోకల్ లెంగ్త్ సుమారు 100 మి.మీ. కొనేటప్పుడే తేల్చుకోండి: దూరంగా ఉన్న కిటికీ బొమ్మ ఎదురు గోడ మీద స్పష్టంగా పడేలా పట్టుకుని, అద్దానికీ గోడకూ మధ్య ఎంత దూరముందో కొలవండి.
• ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు) ఒకటి, పీసీ 817 ఆప్టోకప్లర్లు (తీగ కలపకుండా వెలుగుతో స్విచ్ నొక్కే చిప్పులు) మూడు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు.
• బంతి రాకను పసిగట్టడానికి ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఒక ఫోటోట్రాన్సిస్టర్. చాలామంది ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే రెసిస్టర్) పెడతారు. అది తేరుకోవడానికి పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఆలోపు బంతి వెళ్లిపోతుంది.
• టేబుల్ టెన్నిస్ బంతి, కాస్త సున్నం.
• నల్ల వెల్వెట్ గుడ్డ, నల్ల చార్టులు, అట్టపెట్టెలు, టేపు.
• మూడడుగుల కడప బండ. వంటింటి గట్టు వేయగా మిగిలిన ముక్క ఎవరింట్లోనైనా దొరుకుతుంది. కింద నాలుగు రబ్బరు ముక్కలు పెట్టి, అన్నీ దాని మీదే అమర్చండి. చదునుగా, బరువుగా ఉంటుంది, నడిచినా అదరదు. ఇంతకంటే మంచి బల్ల తక్కువ ఖర్చులో నాకు కనిపించలేదు.
• పైథాన్, దాని లెక్కల లైబ్రరీ నంపై ఉన్న ల్యాప్‌టాప్.

మొదలుపెట్టే ముందు నాలుగు జాగ్రత్తలు

ఫ్లాషును విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీలు తీసేసినా చాలాసేపు అలాగే నిలిచి ఉంటుంది.

పాత ఫ్లాషుల ట్రిగ్గర్ పిన్ను దగ్గరే వందల వోల్టులు ఉండొచ్చు. ఫ్లాషు ఆన్ చేసి, మధ్య పిన్నుకీ పక్క అంచుకీ నడుమ మల్టీమీటర్‌తో కొలవండి. 10 వోల్టుల లోపు ఉంటేనే వాడండి. ఎక్కువుంటే ఆప్టోకప్లర్ పాడైపోవచ్చు.

షీటును ఫ్లాషు ముఖానికి ఆనించి ఫుల్ పవర్ కొట్టకండి. నల్ల గీతలు వేడిని పీల్చుకుని షీటు ముడుచుకుపోతుంది. 2 సెం.మీ. ఖాళీ ఉంచండి, పవర్ 1/32 దాటనివ్వకండి.

పిల్లలు చుట్టూ ఉంటే, ఎవరూ ఫ్లాషుల పెట్టెలోకి తొంగిచూడకుండా ఒకరు కాపలా ఉండాలి.

మెట్లు

1. ముందు క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్‌తో సాధన చేయండి.

ఈ మెట్టు దాటేసినవాళ్లే నాకు ఎక్కువగా ఫోన్ చేస్తుంటారు. మూడు స్లైడ్లు తయారుచేయండి, మూడింటిలోనూ నల్ల తెల్ల చారలే, వాలు మాత్రం వేరు. వాటి మధ్య పూర్తి నల్ల స్లైడ్లు పెట్టండి. చీకటి గదిలో కెమెరా షట్టర్ 10 సెకన్లు తెరిచి ఉంచి, ఒక్కో స్లైడు వెలిగినప్పుడు తెల్ల కప్పును ఒక్కో చోట పెట్టండి. కప్పు జరిపేటప్పుడు నల్ల స్లైడు ఉండాలి. ఇలా వచ్చిన ఒక్క ఫోటోను 7వ మెట్టులో చెప్పినట్టు విడదీయండి. పైసా ఖర్చు లేకుండా సగం విద్య ఇక్కడే వచ్చేస్తుంది. ప్రొజెక్టర్ పిక్సెళ్ల గడి వల్ల ఫూరియర్ పటంలో (ఫోటోలో ఏ వాలు చారలు, ఎంత సన్నవి ఉన్నాయో చుక్కలుగా చూపే పటం, 7వ మెట్టులో వస్తుంది) అదనపు చుక్కలు కనిపిస్తాయి, అవి మధ్య నుంచి దూరంగా ఉంటాయి కాబట్టి వదిలేయండి.

2. చారలు ప్రింటు తీయండి.

600 డీపీఐ ప్రింటర్‌లో ఒక చుక్క 0.042 మి.మీ. మూడు చుక్కలు నలుపు, మూడు ఖాళీ అనుకుంటే ఒక జత చార 0.25 మి.మీ. అవుతుంది. దానికంటే సన్నగా పోతే టోనర్ అలుక్కుపోతుంది. ఒకే షీటు మీద నిలువు చారలే ప్రింటు తీసి, 24×36 మి.మీ. ముక్కలు మూడు కత్తిరించండి. కత్తిరించేటప్పుడు షీటును తిప్పండి: ఒక ముక్కలో చారలు 15 డిగ్రీల వాలులో, రెండోదానిలో 75, మూడోదానిలో 135. వాలు చారలను కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీస్తే మెట్లు మెట్లుగా వస్తాయి, ఆ మెట్లే తర్వాత దొంగ చుక్కలవుతాయి.

0, 60, 120 డిగ్రీలు ఎందుకు కాకూడదని అడుగుతారు. ఫోటో నాలుగు అంచుల వల్ల ఫూరియర్ పటంలో ఎప్పుడూ ఒక ప్లస్ గుర్తు పడుతుంది. 0 డిగ్రీల చారల చుక్క సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. 15 డిగ్రీలు తిప్పితే మూడు చుక్కలూ ఆ గీతలకు దూరంగా జరుగుతాయి.

ప్రింటు తేగానే వెలుగుకు పట్టి భూతద్దంలో చూడండి. నల్ల గీతలో సూది బెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే టోనర్ పలచగా పడిందని అర్థం. షాపులో డార్క్‌నెస్ పెంచి మళ్లీ తీయమనండి. ఒకే షీటును రెండుసార్లు ప్రింటర్‌లో పెట్టనివ్వకండి, రెండోసారి గీతలు జరిగిపోతాయి.

3. మూడు పెట్టెలు తయారుచేయండి.

ఒక్కో పెట్టెలో వరుస ఇది: ఫ్లాషు, 2 సెం.మీ. ఖాళీ, చారల షీటు, అక్కడి నుంచి 125 మి.మీ. దూరంలో భూతద్దం. అద్దం నుంచి 500 మి.మీ. దూరంలో చారలు నాలుగింతలై, 1 మి.మీ. జతలుగా పడతాయి. లోపలంతా నల్ల చార్టు అంటించండి. అద్దం ముందు 15 మి.మీ. రంధ్రమున్న అట్ట పెట్టండి. ఆ రంధ్రం చాలా ముఖ్యం. అది లేకపోతే వెలుగు ఎక్కువ వస్తుందని సంబరపడతాం గానీ, బంతి గుండ్రం కదా, ముందు భాగం మీద చారలు స్పష్టంగా ఉండి పక్కల్లో చెరిగిపోతాయి. 15 మి.మీ. పెడితే బంతి ముందుకీ పక్కకీ ఉన్న తేడాలో చారలు నిలబడతాయి.

4. పెట్టెలను కెమెరాకు దగ్గరగా పెట్టండి.

కెమెరా, మూడు పెట్టెల అద్దాలు, అన్నీ బంతి దారికి అర మీటరు దూరంలో ఉండాలి. కెమెరాకు ఎడమన ఒకటి, కుడిన ఒకటి, పైన ఒకటి. కెమెరా లెన్స్ నడుమ నుంచి ఏ పెట్టె అద్దమూ 13 సెం.మీ. దాటకూడదు, అంటే 15 డిగ్రీల లోపు. ఫోటోగ్రఫీ అలవాటున్నవాళ్లు వెలుగు పక్క నుంచి రావాలని పెట్టెలను దూరం జరుపుతారు. ఇక్కడ అది తప్పు. పక్క నుంచి వస్తే గుండ్రటి బంతి మీద చారలు విల్లులా వంగుతాయి, వంగిన చారను కంప్యూటర్ వేరే వాలు అనుకుంటుంది.

5. ఫోకస్ చేయండి.

బంతి పడే దారిలో తెల్ల కార్డు నిలబెట్టి, ఫ్లాషు స్థానంలో ఫోన్ టార్చి పెట్టి, చారలు పదునుగా కనిపించేదాకా అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. కుదిరాక కార్డును 1 సెం.మీ. వెనక్కి జరిపి ఇంకోసారి చూడండి. అక్కడ కూడా చారలు కనిపించాలి. కెమెరాను ఆ కార్డు మీదే ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, రింగు మీద టేపు వేసేయండి. అదే చోట ఒక స్కేలు నిలబెట్టి ఫోటో తీసి పెట్టుకోండి, చివర్లో కొలతలకు కావాలి.

ఇప్పుడు ఒక ఫ్లాషు కొట్టి, ఫోటోలో ఒక చార మీద అంకెలు చూడండి. నల్ల గీత మీది విలువ తెల్ల గీతలో మూడో వంతుకంటే తక్కువ ఉండాలి. లేకపోతే ముందుకు పోవద్దు. రంధ్రం చిన్నది చేయండి, ఫోకస్ మళ్లీ చూడండి, అద్దం మీద దుమ్ము తుడవండి. మన వైపు వేసవిలో పొద్దున తుడిచిన అద్దం సాయంత్రానికి మట్టి రంగులోకి వస్తుంది.

6. ట్రిగ్గర్ కలపండి.

ఆర్డుయినో మూడు పిన్నుల నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్లతో మూడు ఆప్టోకప్లర్లకు, వాటి నుంచి ఫ్లాషులకు. ఫ్లాషు మధ్య పిన్ను ప్లస్. ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఫోటోట్రాన్సిస్టర్‌లను ఎదురెదురుగా పెట్టి, ఆ గేటును ఫోటో ఫ్రేముకు కాస్త పైన అమర్చండి. బంతి గేటును కోయగానే 5 మిల్లీసెకన్లకు మొదటి ఫ్లాషు, ఆపైన 20 మిల్లీసెకన్లకొకటి.

ఇక్కడ ఒక గోతి ఉంది. ఆర్డుయినోలో మైక్రోసెకన్లు ఆగమని చెప్పే ఆదేశం 16,383 దాటితే సరిగా పనిచేయదు. 20,000 అని రాస్తే ఎర్రర్ చూపించదు, మౌనంగా వేరే వ్యవధి ఇస్తుంది. 10,000 చొప్పున రెండుసార్లు రాయండి, లేదా మిల్లీసెకన్ల ఆదేశం వాడండి. ఫ్లాషుల మధ్యలో సీరియల్ మానిటర్‌కు ఏమీ పంపించకండి, అది కూడా వ్యవధిని తింటుంది.

ఎక్స్‌పోజర్ సంగతి. రాత్రి చేయండి, కిటికీలు మూసే పని తప్పుతుంది. ఫ్యాను ఆపండి, గాలికి వెల్వెట్ కదులుతుంది. ఫ్రేమంతా వెనుక నల్ల వెల్వెట్టే ఉండాలి. స్విచ్‌బోర్డు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపం మీద కూడా టేపు వేయండి, 2 సెకన్లలో అది ఫోటోకు పొగమంచు పట్టిస్తుంది. షట్టర్ 2 సెకన్లు, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టండి. మూడు వెలుగులూ ఒకే చోట పడినప్పుడు కూడా విలువ గరిష్ఠంలో 70 శాతం దాటకూడదు. సెన్సర్ సామర్థ్యాన్ని మూడు బొమ్మలు పంచుకుంటున్నాయి, పిండి కొద్దీ రొట్టె. తెల్లగా మాడిపోయిన చోట చారలే ఉండవు, చార లేనిచోట విడదీయడానికి ఏమీ ఉండదు.

7. ఫోటోను విడదీయడం.

బంతిని దారంతో ఫ్రేము మధ్యలో వేలాడదీసి, మూడు ఫ్లాషులూ కొట్టి తీసిన ఫోటోతో నేర్చుకోండి.

అ. రా ఫైలును పైథాన్‌లోని రాపై లైబ్రరీతో గామా 1గా పెట్టి (అంటే వెలుగు విలువలను వంచకుండా) తెరవండి. ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే తీసుకోండి. సాదా భూతద్దం రంగులను కొంచెం కొంచెం వేరే చోట ఫోకస్ చేస్తుంది, ఒకే రంగు తీసుకుంటే చారలు పదునెక్కుతాయి.

ఆ. 120 మి.మీ. చదరపు భాగాన్ని కత్తిరించి 1200×1200 పిక్సెళ్లకు తగ్గించండి. ఇప్పుడు ఒక జత చారకు 10 పిక్సెళ్లు. 5 కంటే తగ్గనివ్వకండి.

ఇ. ఫోటో అంచులు మెల్లగా నలుపులోకి కలిసిపోయేలా విండో వేయండి. తర్వాత ఎఫ్ఎఫ్‌టీ (ఫోటోను ఫూరియర్ పటంగా మార్చే లెక్క) చేసి, మధ్యకు జరిపి, లాగరిథమ్ తీసి తెర మీద చూడండి. నడుమ పెద్ద వెలుగు, చుట్టూ ఆరు చుక్కలు. ఎదురెదురు రెండు చుక్కలు ఒక ఫ్లాషువి. మధ్య నుంచి ఒక్కోటీ సుమారు 120 పిక్సెళ్ల దూరంలో ఉండాలి. ఈ ఆరూ మొదటిసారి తెర మీద కనిపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి, నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

ఈ. ఒక చుక్క తీసుకోండి. దాని చుట్టూ 45 పిక్సెళ్ల వ్యాసార్థంతో, అంచులు మెత్తగా చెరిగిపోయే గాసియన్ వలయం పెట్టి మిగతాదంతా సున్నా చేయండి. ఆ చుక్కను పటం మధ్యకు జరిపి, ఎఫ్ఎఫ్‌టీని తిరగేసి, వచ్చిన విలువల పరిమాణం తీసుకోండి. అదే ఆ ఫ్లాషు చూసిన బొమ్మ. మిగతా రెండు చుక్కలకూ ఇలాగే.

పొరుగు చుక్క కూడా 120 పిక్సెళ్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి వలయం 60 దాటితే పక్కదాని పొలంలోకి పోయినట్టే. బొమ్మ మసగ్గా ఉందని వలయం పెంచుతూ పోవడం అందరూ చేసే తప్పు. 45 దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్ల కంటే సన్నటి వివరాలు పోతాయి. ఈ పద్ధతికి అది కట్టాల్సిన వెల.

పైథాన్ రానివాళ్లు ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. అందులోని కస్టమ్ ఫిల్టర్‌కు నల్ల బొమ్మలో రెండు తెల్ల వలయాలు గీసి ఇవ్వండి. తెల్లగా ఉన్నచోటు నిలుస్తుంది, మిగతాది పోతుంది. వచ్చిన చారల బొమ్మలో సగటును తీసివేసి, మైనస్‌లను ప్లస్ చేసి, కాస్త బ్లర్ చేయాలి.

8. ఒక్క దీపం పరీక్ష.

ఇది మానేస్తే మిగతాదంతా వృథా. వేలాడుతున్న బంతి మీద మొదటి ఫ్లాషు ఒక్కటే కొట్టండి. మిగతా రెండూ ఆపేయండి. ఫోటోను మూడు చుక్కల దగ్గరా విడదీయండి. మొదటి బొమ్మలో బంతి ఉండాలి, మిగతా రెండూ చీకటిగా ఉండాలి. మూడు బొమ్మలనూ ఒకే బ్రైట్‌నెస్ స్కేలులో పక్కపక్కన పెట్టి, బంతి నడుమ విలువలు కొలవండి. రెండో మూడో బొమ్మలో విలువ మొదటిదానిలో 5 శాతం లోపు ఉంటే మీ అమరిక మంచిది. అంచుల దగ్గర కాస్త ఎక్కువుంటే కంగారు వద్దు. ఇలాగే రెండో ఫ్లాషుతో, మూడో ఫ్లాషుతో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాది ఒక కాలేజీలో మూడు బొమ్మలు ప్రింటు వేసి పెద్దవాళ్లందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చూస్తే మూడో ఫ్లాషు బ్యాటరీ అయిపోయి అసలు వెలగనే లేదు. మూడో బొమ్మ అనుకున్నది మొదటి వెలుగు లీకై వచ్చిన నీడ, సాఫ్ట్‌వేర్ దాని బ్రైట్‌నెస్ తనంతట తానే పెంచి చూపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆ కాలేజీకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. కంప్యూటర్‌ను మూడు బొమ్మలు అడిగితే మూడూ ఇస్తుంది, ఫోటోలో ఉన్నా లేకపోయినా. అందుకే ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి, ప్రతి సెషన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఈ పరీక్ష చేయండి.

లీకు ఎక్కువుంటే ఈ వరుసలో వెతకండి. బంతి మీద మెరుపు మరక ఉందా? నున్నటి బంతి మీద ఫ్లాషు ప్రతిబింబం ఒక చిన్న పదునైన చుక్కలా పడి ఫూరియర్ పటమంతా పరుచుకుంటుంది. పలచటి సున్నం ఒక పూత వేసి ఆరనివ్వండి, పోతుంది. ఫోటోలో ఎక్కడైనా మాడిపోయిందా? వలయం అంచులు మెత్తగా ఉన్నాయా, కత్తితో కోసినట్టు ఉన్నాయా? ఫ్రేములో గళ్ల చొక్కా చెయ్యో, జరీ అంచో ఉందా? వస్తువుకే చారలుంటే అవి కూడా చుక్కలు పెడతాయి.

9. బంతిని వదలండి.

ఫ్రేముకు సుమారు 10 సెం.మీ. పైనుంచి, రెండు వేళ్లతో పట్టుకుని, తిప్పకుండా వదలండి. కింద మెత్తటి గుడ్డ పరవండి. షట్టర్ తెరవడం ఒకరు, వదలడం ఒకరు. ఒక్కో ఫోటోకు ముందు మూడు ఫ్లాషుల రెడీ లైట్లూ చూడండి. కనీసం పది ఫోటోలు తీయండి.

రా ఫోటోలో మూడు బంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడ్డదిడ్డంగా చారలతో గజిబిజిగా కనిపిస్తాయి. బంతి 40 మి.మీ., ఫ్లాషుకీ ఫ్లాషుకీ మధ్య అది కదిలేది 30 మి.మీ. పైచిలుకే, కాబట్టి ఒకదాన్నొకటి కప్పుకోవడం సహజం. విడదీశాక మూడు నిండు బంతులు వేరువేరుగా వస్తే గెలిచినట్టు.

బంతి బదులు గుప్పెడు బొరుగులు వదిలినా చక్కగా వస్తుంది, మెరుపు లేని తెలుపు. కాకపోతే దాంతో కింది లెక్క కుదరదు, బొరుగు గాలిలో తేలుతుంది.

10. లెక్కతో సరిచూడండి.

కంటికి బాగుంటే చాలదు, బొమ్మలు నిజమో కాదో భూమి ఆకర్షణే చెబుతుంది. మూడు బొమ్మల్లో బంతి కేంద్రాలు కొలవండి. రెండో దూరం నుంచి మొదటి దూరం తీసేయండి. ఉదాహరణకు మొదటి ఎడం 30.0 మి.మీ., రెండోది 33.8 అనుకుంటే తేడా 3.8 మి.మీ. దాన్ని 0.02 వర్గంతో, అంటే 0.0004తో భాగిస్తే సెకను వర్గానికి 9.5 మీటర్లు.

9.8 రాలేదని బాధపడకండి. టేబుల్ టెన్నిస్ బంతి చాలా తేలిక, గాలి వల్ల ఐదారు శాతం తగ్గడం సహజం. ఒక పిక్సెల్ తప్పు కొలిస్తే ఫలితం 0.25 మారుతుంది, నడిమి బంతిలో తప్పితే 0.5. కాబట్టి పది ఫోటోల సగటు తీసుకోండి. సగటు 8.8 నుంచి 9.8 మధ్య ఉంటే మీ అమరిక నమ్మదగినదే. ఒకటి కూడా రాలేదంటే ఆర్డుయినో వ్యవధి చూడండి, 6వ మెట్టులో చెప్పిన 16,383 గోతిలో పడి ఉంటారు. ఒక్కో ఫోటోకు ఒక్కోలా వస్తుంటే కేంద్రాన్ని కంటితో గుర్తిస్తున్నారని అర్థం, బంతి అంచు మీద పది చుక్కలు పెట్టి వాటికి వృత్తం అమర్చండి.

ఎప్పుడూ వచ్చే రెండు ప్రశ్నలు

ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫ్లాషులు పెడితే చారల గొడవే ఉండదు కదా? మూడు ఫోటోల వరకు నిజమే, సులువు కూడా. తెల్ల వస్తువుకైతే చేసుకోండి. కానీ వస్తువుకు రంగుంటే దెబ్బతింటారు, నాలుగోది కావాలంటే రంగు లేదు. చారలకైతే వాలు మార్చొచ్చు, ఒత్తు మార్చొచ్చు. లుండ్ వాళ్లు ఒకే లేజర్ మెరుపును నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయకు ఒక్కో వాలు చారలు తొడిగారు. ఒకే రంగుతో నాలుగు ఫోటోలు.

లేజర్ వాడొచ్చా? చాలామందికి మనసు దాని మీదే ఉంటుంది. లేజర్‌తో లాభాలు నిజమైనవే: మెరుపు ఎంతో పొట్టిగా చేయొచ్చు, ఒకే రంగు కాబట్టి ఫిల్టర్ పెట్టి గది వెలుతురును ఆపొచ్చు. పాయలు దాటే దూరం 0.06 మి.మీ. పెంచితే 200 ఫెమ్టోసెకన్ల ఆలస్యం దానంతటదే వస్తుంది, ఏ ఎలక్ట్రానిక్ సర్క్యూటూ అంత త్వరగా స్విచ్ కాలేదు. కానీ మన గదిలో లేజర్ పాయింటర్ ఇచ్చేది 1 నుంచి 5 మిల్లీవాట్లు. మైక్రోసెకన్లలో ఆ వెలుగు కెమెరాకు ఆనదు. పైగా వస్తువు మీద ఇసుక చల్లినట్టు స్పెకిల్ మచ్చలు పడి చారలను మింగేస్తాయి. అంగట్లో దొరికే చవక ఆకుపచ్చ పాయింటర్లలో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికి రావచ్చు, రాసిన దానికంటే పవర్ ఎక్కువ ఉండొచ్చు. కంటి రెటీనా ఒకసారి కాలితే తిరిగి రాదు. 1 మిల్లీవాట్ లోపు క్లాస్ 2 లేజర్‌ను ఇన్‌ఫ్రారెడ్ గేటు బదులు వాడండి, అంతవరకే. ముఖం ఎత్తులో ఎప్పుడూ పెట్టకండి.

ఇంకా వేగంగా

లెక్క కుదిరాక ఆర్డుయినోలో వ్యవధిని 20 నుంచి 1 మిల్లీసెకనుకు, ఆపైన 200 మైక్రోసెకన్లకు తగ్గించండి. కెమెరా అదే, పెట్టెలు అవే, మీ వేగం సెకనుకు 50 ఫోటోల నుంచి 5,000కు చేరుతుంది. అక్కడ హద్దు ఫ్లాషు మెరిసే సమయమే. ఫుల్ పవర్‌లో అది ఒక మిల్లీసెకను దాకా సాగుతుంది, 1/128 పవర్‌లో చాలా ఫ్లాషులు సుమారు 1/20,000 సెకనులో ఆరిపోతాయి. అందుకే ఇక్కడ పవర్ తగ్గించి ఐఎస్ఓ 3200 చేయండి.

ఈ వేగానికి బంతి సరిపోదు, కదలిక కనిపించదు. పాల చుక్కను 30 సెం.మీ. ఎత్తు నుంచి పాలు పోసిన నల్ల పళ్లెంలో పడేయండి. నీళ్లు వద్దు, వెలుగు లోపలికి దూసుకుపోయి చారలు నిలవవు. పళ్లెం పాలు కూడా తెల్లనే కాబట్టి మూడు వెలుగులూ అక్కడ కలిసి త్వరగా మాడిపోతుంది. ఫ్లాషు ఒక్కొక్కటీ ఇంకో స్టెప్పు తగ్గించి, ఒక్క దీపం పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. పాలు పాడైపోకముందే, బండ మీద చీమలు పట్టకముందే పళ్లెం కడిగేయండి.